భువనగిరి గుట్ట: కోటకన్నా ముందున్న బండ

సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు రైల్లో వెళ్లినా, వరంగల్ హైవే మీద బస్సులో వెళ్లినా భువనగిరి ఊరికన్నా ముందు గుట్టే కనబడుతుంది. హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్లు. ఊరి మీదికి దాదాపు 500 అడుగులు లేచిన ఒంటి గ్రానైట్ బండ, దాని నెత్తిన కోట శిథిలాలు. తాబేలంటారు కొందరు, పడుకున్న ఏనుగంటారు కొందరు. చూసే వైపును బట్టి ఇద్దరి మాటా నిజమే.

ఈ గుట్ట గురించి ఎవరు రాసినా రాజుల వరసతో మొదలుపెడతారు. కల్యాణి చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి (పాలన 1076–1126) బిరుదు మీద త్రిభువనగిరి అయింది, తర్వాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు. వరస తప్పేం కాదు. కానీ కొంచెం అటూ ఇటూగా ఇదే వరస తెలంగాణలోని ఏ కోటకైనా సరిపోతుంది. భువనగిరికి మాత్రమే చెల్లేది ఆ బండ. దాని మీదికి ఎక్కిన ప్రతి తరానికీ అది మూడు ప్రశ్నలు వేసింది: కాలు ఎక్కడ ఆనించాలి, నీళ్లు ఎక్కడ పట్టాలి, బరువు పైకి ఎలా చేర్చాలి. చాళుక్య సైనికుడికీ, 2013లో తాడు కట్టుకుని దిగడం నేర్చుకున్న గురుకుల విద్యార్థికీ ప్రశ్నలు అవే. గుట్టకున్న సాంస్కృతిక ప్రాధాన్యాన్ని ఆ జవాబుల్లో వెతికితే దొరికినంత శాసనాల్లో దొరకదు.

బండ ఎందుకు మిగిలింది

తెలంగాణ నేల అడుగున ఉన్న గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూగర్భంలో కిలోమీటర్ల లోతున కరిగిన రాయి చాలా నిదానంగా చల్లబడింది. అందుకే స్ఫటికం, ఫెల్డ్‌స్పార్, అభ్రకం అనే ఖనిజాల రేణువులు విడివిడిగా కంటికి ఆనేంత పెద్దగా ఉంటాయి. పైనున్న నేల కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయింది. అంత బరువు తొలగేసరికి లోపలి రాయి కాస్త ఉబ్బింది. ఉబ్బినప్పుడు పడే నెర్రెలు నిలువుగా కాకుండా ఉపరితలానికి సమాంతరంగా పడతాయి. పైపొరలు పలచగా, లోపలికి పోయేకొద్దీ మందంగా ఉంటాయి. గుట్ట గుండ్రంగా, నున్నగా కనబడడానికి కారణం ఈ పొరలు ఒక్కొక్కటిగా ఊడిపోవడమే. పెచ్చులూడడం అని గోడల గురించి అనే మాట ఇక్కడ కొండకే వర్తిస్తుంది.

అయితే హైదరాబాద్ చుట్టూ ఉన్నదీ ఇదే రకం గ్రానైటే కదా, అక్కడ ఒకదానిపై ఒకటి పేర్చినట్టు గుండ్లు ఎందుకున్నాయి, ఇక్కడ ఒకే బండ ఎందుకుంది? తేడా నిలువు నెర్రెల్లో ఉంది. నిలువు నెర్రెలు దగ్గరదగ్గరగా ఉన్న చోట వాన నీరు లోపలికి దిగుతుంది. ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమట్టిగా మారి, రాయి పొడిపొడిగా మొరం అయిపోతుంది. ఆ మొరం కొట్టుకుపోయాక నెర్రెల నడుమ మిగిలిన గట్టి ముక్కలే గుండ్లు. భువనగిరి బండలో అలాంటి నెర్రెలు తక్కువ, నీటికి దారి దొరకలేదు. చుట్టూ ఉన్నది మొరమై, చెలకై, పొలమైపోతే ఇది మిగిలింది. పైకి నెట్టుకొచ్చిన కొండ కాదిది, పక్కవన్నీ పోగా నిలబడ్డది.

పెచ్చులూడడం ఇంకా ఆగలేదు. గ్రానైట్ ఒక్కో డిగ్రీ వేడికి పొడవులో పది లక్షలకు సుమారు ఎనిమిది పాళ్లు సాగుతుంది. పది మీటర్ల పలక తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. చూడ్డానికి ఏమీ కాదు. కానీ ఎండలో ఉన్న పైపొర సాగి, నీడలో ఉన్న కిందిపొర సాగకపోతే ఆ రెంటి మధ్య అతుకు రోజూ కొంచెం వదులవుతుంది. వదులైన పలక మీద సమ్మెటతో తడితే డొల్ల మోత వస్తుంది, గట్టి బండ ఖణేల్‌మంటుంది. రాళ్లు కొట్టే వడ్డెరలు ఏ పలక ఎక్కడ లేస్తుందో ఈ మోతతోనే పట్టేవారు. తాడు కోసం మేకు దిగ్గొట్టే శిక్షకులు ఇప్పటికీ చేసే మొదటి పరీక్ష అదే.

బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలుంటాయి. మసి కాదు, మందుగుండు మరక అంతకన్నా కాదు. వాన నీరు జారే దారుల్లో పెరిగే నాచు జాతి సూక్ష్మజీవుల పొర అది. ఎండాకాలంలో గరుకుగా ఎండిపోయి ఉంటుంది, నాలుగు చినుకులు పడితే నూనె పోసినట్టవుతుంది. గుట్ట ఎక్కేవాళ్లు జారేది ఎక్కువగా ఈ చారల మీదే.

గోడ కట్టనక్కర్లేని కోట

కోట కట్టే రాజుకు ఇలాంటి బండ ఎందుకు నచ్చుతుందో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. గ్రానైట్ ఒక ఘనపు మీటరు సుమారు 2.65 టన్నులు. మైదానంలో కోటకు చుట్టుకొలత పొడవునా ఈ బరువు మోసి పేర్చాలి. ఇక్కడ వాలు నిటారుగా ఉన్న చోట గోడే అక్కర్లేదు. మనిషి ఎక్కగలిగిన వాలున్న చోట మాత్రమే గోడా, బురుజూ కట్టి, మిగతాది బండకే వదిలేశారు. శత్రువు ఎక్కడ నుంచి రావాలో కట్టినవాడే నిర్ణయించినట్టయింది. దారిలో దర్వాజాలు తిన్నగా కాకుండా మలుపు తిరిగి ఉండడం దక్కన్ కోటలన్నింటి పద్ధతి. ఏనుగు పరుగెత్తి తలుపును ఢీకొట్టాలంటే ముందు కొంత తిన్నటి దూరం కావాలి, మలుపు ఆ దూరాన్ని మిగల్చదు. గోడకు రాయి కిందినుంచి తేనక్కర్లేదు. పైన పరుపుబండ లేపిన చోట రాయీ దొరికేది, గుంటా పడేది. దక్కన్‌లోని గిరిదుర్గాల్లో చాలా చెరువులు, కుంటలు అలాంటి గుంటలే.

ఇక్కడే రెండో ప్రశ్న వస్తుంది. నీళ్లు లేకపోతే ఎంత ఎత్తైన కోటైనా నెల తిరక్కుండానే లొంగుతుంది. బండ మీద బావి తవ్వితే జల పడదు, ఎందుకంటే నెర్రెలు లేవు. కోటను కాపాడిన గుణమే దాహానికి కారణమవుతుంది. కానీ అదే గుణం ఇంకో విధంగా ఆదుకుంటుంది. మట్టి నేల మీద పడిన వానలో చాలా భాగం ఇంకిపోతుంది. బండ మీద పడింది దాదాపు అంతా పారుతుంది. ఏడాదికి 750 మిల్లీమీటర్ల వాన అనుకుంటే, ఒక్క ఎకరం బండ మీద పడేది 30 లక్షల లీటర్లు. అందులో సగం పట్టినా 15 లక్షలు. రెండు వందల మంది కావలివాళ్లకు తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున రోజుకు వెయ్యి లీటర్లు చాలు. కాగితం మీద ఇది నాలుగేళ్ల నీరు.

కాగితం మీద మాత్రమే. దక్కన్ ఎండకు తెరిచి ఉన్న నీరు ఏడాదిలో సుమారు రెండు మీటర్ల లోతు ఆవిరైపోతుంది. కాబట్టి అడుగు లోతు దొనలు ఎన్ని వందలున్నా దసరా దాటిన కొన్నాళ్లకు ఎండిపోతాయి. వేసవి దాకా నీళ్లుండాలంటే గుంట వెడల్పుకన్నా లోతు ముఖ్యం, పైన నీడ పడాలి, ఆకులూ మట్టీ చేరకుండా పైవైపు చిన్న కట్ట ఉండాలి. పూడిక తీయకపోతే ఏటా కొంత లోతు పోతుంది, లోతు పోతే ఎండాకాలం ఆఖరి రెండు నెలలు పోతాయి. ముట్టడి వేసేవాడు వేచి చూసేది ఆ రెండు నెలల కోసమే. ఇప్పుడు పైకి వెళ్లి కుంటలను చూసేవాళ్లు వాటిని ఫొటోలో అందం కోసం చూస్తారు. చూడాల్సింది వాటిలోకి నీటిని మళ్లించే సన్నటి గాళ్లనూ, గట్లనూ. కోట కట్టినవాళ్ల తెలివి దర్వాజాల్లో కన్నా వాటిలో ఎక్కువ కనబడుతుంది.

భువనగిరి నుంచి గోల్కొండకు సొరంగం ఉందన్న కథ ఇక్కడా వినిపిస్తుంది. దూరం 50 కిలోమీటర్ల పైచిలుకు, అడుగునంతా గ్రానైట్. ఉలీ సమ్మెటలతో గట్టి గ్రానైట్‌లో మనిషి దూరే సొరంగం తవ్వితే పని రోజుకు అంగుళాల్లో సాగుతుంది, గాలికీ మధ్యమధ్య బావులు తవ్వాలి. బండలో సందులున్నాయి, గోడల మధ్య నేలమాళిగలున్నాయి, కొంత దూరం పోయి మూసుకుపోయే దారులూ ఉన్నాయి. కథ వాటి నుంచి పుట్టి ఉండాలి. దాన్ని చరిత్రగా కాకుండా, పైనున్న రాజు కంటబడకుండా ఎలా తప్పించుకునేవాడో అన్న ఊరి ఊహగా వింటే ఇబ్బంది లేదు.

ఊరి వైపు నుంచి చూస్తే

కోట కాపాడింది ఎవరిని? ఈ ప్రశ్నకు 1709లో ఒక గట్టి జవాబు దొరికింది. అంతకు ముందు ఏడాది వరంగల్‌ను దోచిన సర్వాయి పాపన్న ఆ ఏడాది భువనగిరి మీద పడ్డాడు. తాటికొండ, షాపురం కోటల నుంచి మొగలు అధికారాన్ని ఎదిరించిన గీత కులస్థుడు అతడు. పారశీక చరిత్రకారులు అతణ్ని బందిపోటనే రాశారు, ఊళ్లోంచి మనుషుల్ని చెరపట్టుకుపోయాడని కూడా రాశారు. జానపదులు వీరుడని పాడారు. ఆ పాటను 1870ల నాటికే ఒక ఆంగ్లేయుడు సేకరించి అచ్చువేయించాడు. రెండు కథల్లో ఏది నమ్మినా గుట్ట గురించి తేలేది ఒకటే. బండ పైకి చేరగలిగిన వాళ్లకే రక్షణ. పాదం దగ్గరున్న ఊరు ఎప్పుడూ బయలే. అయినా ఊళ్లో కులాల మధ్య పెరిగిన జ్ఞాపకం మొగలుల సైనికాధికారి ఫౌజుదారుది కాదు, పాపన్నది. 2010ల నుంచి పాపన్న జయంతులూ విగ్రహాలూ తెలంగాణ అంతటా పెరిగాయి, అతడి పేరుతో కలిపి చెప్పే కోటల్లో భువనగిరి ఎప్పుడూ ఉంటుంది.

ఇంకో సంఘటన 1944లో జరిగింది. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ తన 11వ మహాసభలు భువనగిరిలో పెట్టింది. దగ్గర్లోని బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాడు. మితవాదులు వేరుపడ్డారు, సభ్యత్వ రుసుము తగ్గించి పేద రైతులను చేర్చుకున్నారు. అప్పటి నుంచి పల్లెల్లో ఆంధ్ర మహాసభ అంటే సంగమే. వెట్టికీ, రైతులను భూముల నుంచి వెళ్లగొట్టే బేదఖళ్లకూ వ్యతిరేకంగా రెండేళ్లలో రాజుకున్న తెలంగాణ సాయుధ పోరాటానికి ఆ సంగమే ఊపిరి. గుట్ట మీద కోట శిథిలమవుతుండగా దాని నీడలో ఇది జరగడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ భువనగిరి గురించి మాట్లాడేటప్పుడు ఈ తేదీని వదిలేసి విక్రమాదిత్యుడి తేదీనే చెప్పడం యాదృచ్ఛికం కాదు. పర్యాటక బోర్డుల మీద పైకి ఎక్కినవాళ్ల పేర్లే ఉంటాయి.

పదమూడు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో యాదగిరిగుట్ట ఉంది. అదీ గ్రానైటే. కానీ అక్కడ బండల సందులో గుహ ఉంది, గుహలో నరసింహస్వామి వెలిశాడు, ఆ గుట్ట క్షేత్రమైంది. భువనగిరి బండ నున్నన, పైన ఆంజనేయుడి గుడి ఉన్నా యాత్రికుల ప్రవాహం ఇటు మళ్లలేదు. నెర్రెలున్న గుట్టకు దేవుడు, నెర్రెల్లేని గుట్టకు రాజు అని సూత్రం చెప్పేస్తే అతిశయోక్తి అవుతుంది. అయినా తెలంగాణలో ఏ గుట్ట ఏమైందో చూస్తూ పోతే రాతి స్వభావానికి ఇందులో వాటా ఉందనే అనిపిస్తుంది.

తాడు కట్టిన చోటు

గుట్టకు ఈ తరం ఇచ్చిన కొత్త అర్థం పర్వతారోహణ. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల నుంచి ఎంపికైన పిల్లలకు 2013లో ఇక్కడి బండ మీదే తొలి శిక్షణ ఇచ్చారు. వారిలోంచి డార్జిలింగ్, లద్దాఖ్ శిక్షణలు దాటి వచ్చిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఎవరెస్టు ఎక్కిన అతి పిన్న వయసు అమ్మాయి ఆమె. ఏడు శతాబ్దాలకు పైగా ఎవరినీ ఎక్కనివ్వకుండా చూడడమే పనిగా ఉన్న బండ, గిరిజన, దళిత పిల్లలకు ఎక్కడం నేర్పే బడి అయింది. రాజుల చరిత్ర మొత్తంలో లేని మలుపిది.

మంచు లేని చోట ఎవరెస్టుకు శిక్షణ ఏమిటన్న అనుమానం సహజం. బండ నేర్పేది మంచు గురించి కాదు, కాలిని నమ్మడం గురించి. వాలు బండ మీద పట్టుకోడానికి ఏమీ ఉండదు. నిలబెట్టేది బూటు అడుగుకూ రాతికీ మధ్య రాపిడి ఒక్కటే. ఆ రాపిడి బరువు రాతిలోకి నేరుగా దిగినప్పుడే పెరుగుతుంది. భయపడ్డ కొత్తవాడు చేసే పని బండకు వంగి అతుక్కోవడం. అప్పుడు బరువు పాదం మీంచి జరిగి, కాలు బయటికి తోసుకుని జారుతుంది. నడుము బండకు దూరంగా, మడమ కిందికి, అడుగు చిన్నదిగా ఉండాలి. చేతులు సమతూకానికే. తాడు మీద దిగేటప్పుడూ ఇదే తప్పు తిరగబడి వస్తుంది: వెనక్కి వాలడానికి భయపడి నిటారుగా నిలబడితే కాళ్లు జారి మొహం బండకు తగులుతుంది. తాడును ఎప్పుడూ ఒకే మేకుకు కట్టరు. కనీసం రెండు, వీలైతే మూడు ఆధారాలకు బరువు సమంగా పంచుతారు. తాడు బండ అంచున రాసుకునే చోట గుడ్డో, రబ్బరు గొట్టమో వేస్తారు, లేకపోతే స్ఫటికం గరుకు నైలాన్‌ను కోసేస్తుంది.

తాడుల్లేకుండా మెట్ల దారిన వెళ్లేవాళ్లకు అరగంట నుంచి గంట పడుతుంది. తొలి భాగం మెట్లు, పైభాగంలో చెక్కిన మెట్లూ వట్టి బండా. వేసవిలో పది తర్వాత బండ వేడికి చెప్పు లేకుండా నిలబడలేం, కాబట్టి ఉదయమే ఎక్కాలి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పవు. తోలు అడుగు చెప్పులు వద్దు. ప్రమాదం ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడు ఎక్కువ, అలసిన మోకాళ్లు వాలును ఆపలేవు. ఉరుముతుంటే చెట్టూ చేమా లేని గుట్ట శిఖరం ఉండాల్సిన చోటు కాదు. బండ చూరుల కింద పెద్ద తేనెపట్లుంటాయి. పొగ, టపాసులు, రాళ్లు విసరడం వాటిని రేపుతాయి, ఆ వాలు మీద పరుగెత్తడానికి చోటుండదు.

రాతికి రోగం ఎలా పడుతుంది

గ్రానైట్ గట్టిదని దాన్ని పట్టించుకోకుండా వదిలేయడం మామూలే. కోట గోడలు పోయేది ఎక్కువగా మొక్కల వల్ల. కాకి రెట్టలో వచ్చిన రావి విత్తు గోడ సందులో మొలిచి, వేరు ఊరేకొద్దీ రాళ్లు విడదీస్తుంది. పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. వేరు దాకా తీయాలి, తీసిన సందు వెంటనే పూడ్చాలి. పూడ్చడానికి సిమెంటు వాడడం రెండో తప్పు. పాత గోడల్లోది డంగు సున్నం, అది తేమను లోపలికీ బయటికీ పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. తేమ పక్క రాయిలోకి మళ్లి అక్కడ పెచ్చులు లేస్తాయి. మూడోది ఇనుప కమ్మీలు. మెట్ల పక్క రెయిలింగ్ కోసం బండకు రంధ్రం చేసి మామూలు ఇనుము పాతితే, తుప్పు పట్టిన ఇనుము ముందున్న దానికన్నా చాలా ఎక్కువ చోటు కోరుతుంది, లోపలి నుంచి బండను పగలదీస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదు ఎక్కువే, కానీ పగిలిన బండకు మరమ్మతు లేదు.

పేర్లు రాసే రంగు ఇంకో గొడవ. రంగును ఇసుక జల్లి గీకేస్తే రంగుతో పాటు శతాబ్దాలుగా పట్టిన రాతి పైచర్మం పోయి, పేరు తెల్లటి మచ్చగా ఇంకా స్పష్టంగా మిగులుతుంది. రంగును కరిగించే ద్రవాలతో, గుడ్డతో, ఓపికగా తీయడమే మార్గం.

గుట్ట పాదం సంగతి పైదానికన్నా అత్యవసరం. బండ మీద వాన నిమిషాల్లో కిందికి దిగుతుంది. ఆ నీటిని చెరువు దాకా తీసుకెళ్లే కాలువలు ఇళ్ల కింద, రోడ్ల కింద మూసుకుపోతే బండ వెంట వచ్చిన ధార వీధుల్లోకే వస్తుంది. చెరువు నిండదు, వీధి మునుగుతుంది. రెంటికీ కారణం ఒకటే.

భువనగిరి కోటను కేంద్ర పర్యాటక శాఖ స్వదేశ్ దర్శన్ పథకంలో చేర్చింది. రోప్‌వే మాట చాలా ఏళ్లుగా ఉంది. ఎక్కలేని వృద్ధులకు, పిల్లలకు, వికలాంగులకు అది నిజంగా ఉపకారమే, గుట్ట పవిత్రత చెడుతుందన్న వాదన ఈ గుట్ట విషయంలో నిలవదు. అడగాల్సిన ప్రశ్నలు ఇంజనీరింగ్ ప్రశ్నలు. స్తంభం పునాది కోసం రంధ్రం చేసే చోట పై పలక ఎంత మందం, దాని కింద డొల్ల ఉందా అన్నది మొదటిది. పైకి చేరిన జనానికి మరుగుదొడ్లు ఎలా అన్నది రెండోది, అసలు కష్టం అక్కడే. మైదానంలో అయితే ఇంకుడు గుంత తవ్వితే సరిపోతుంది. నెర్రెల్లేని గ్రానైట్‌లో ఏదీ ఇంకదు. పైన వదిలిన ప్రతి లీటరూ అదే వాలున జారి, కుంటల్లోకి గానీ ఊళ్లోకి గానీ చేరుతుంది. రోజుకు వెయ్యి మంది వస్తే, తలకు ఐదు లీటర్ల చొప్పున ఐదు వేల లీటర్ల మురుగు. అంటే పాత కావలి దండు తాగిన నీటికి ఐదు రెట్లు. దాన్ని గొట్టంలో కిందికి దించే ఏర్పాటు రోప్‌వే అంచనాలో మొదటి పద్దుగా ఉండాలి.